పిచ్చయ్య గారు ప్రతిపాదించగా

గుంటూరు,
జులై 6.

పెద్దమ్మమ్మా,

ఫోన్ చేస్తే, "నీ గొంతు డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టుందే, ఏదైనా ఉంటే కాగితం మీద రాసి పంపు" అని పెట్టేశావు. అందుకని రాస్తున్నాను. చేత్తో ఇంత రాయడం ఎం.ఏ. పరీక్షల తర్వాత ఇదే. అక్కడ పేజీల లెక్కన మార్కులు పడేవి. నీ దగ్గర ఎలా పడతాయో తెలియదు.

నాకు మళ్ళీ కొత్త ఉద్యోగం. ఆ "మళ్ళీ" అన్న మాట అమ్మ రోజుకు మూడుసార్లు అంటోంది కాబట్టి నువ్వు అనక్కర్లేదు. రెండేళ్ళలో ఇది నాలుగోది. రాష్ట్ర చిల్లర వర్తకుల సంఘానికి ఈ నవంబరుతో యాభై ఏళ్ళు నిండుతాయి. ఉత్సవానికి చరిత్ర పుస్తకం వేస్తున్నారు. అది రాయడం నా పని. పుస్తకం అచ్చయ్యాక పని ఉండదన్నారు. ఆ మాటకే ఒప్పుకున్నాను.

ఆఫీసు పట్నం బజారులో, ప్లాస్టిక్ సామాన్ల షాపు పైన. పక్కనే మిరపకాయల గోడౌను. మెట్లెక్కేసరికి నాలుగు తుమ్ములు ఖాయం. రాష్ట్రం రెండైనప్పుడు సంఘమూ రెండైంది, బీరువాలూ పంచుకున్నారు. మూడు హైదరాబాదు వెళ్ళాయి, నాలుగు ఇక్కడ మిగిలాయి. వాటి తాళాలు నతానియేలు గారి మొలతాడుకు ఉంటాయి. ఆయన డెబ్బై దాటిన మనిషి. సంఘం సమావేశాల్లో ఎవరేమన్నారో 1979 నుంచి పుస్తకాల్లో రాస్తున్నది ఆయనే. అధ్యక్షుడు త్యాగరాజు గారిది స్టీలు సామాన్ల షాపు. మొదటిరోజే నాతో, "చరిత్రంటే ఫొటోలు ఎక్కువుండాలమ్మా, అక్షరాలు తక్కువుండాలి. మనవాళ్ళు చదవరు," అన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పుస్తకాల నిండా మన తాతయ్యే. "చీరాల పిచ్చయ్య గారు ప్రతిపాదించగా" అని 1975 మొదటి సమావేశం నుంచి 1991 దాకా నలభై రెండుసార్లు ఉంది. కాటాలకు ముద్ర వేసే అధికారులే ఊరూరా తిరగాలన్నదీ, చెడిపోయిన సరుకు వెనక్కి తీసుకోని కంపెనీల డబ్బాలు అల్మారాల్లో కింది అరకు దించేయాలన్నదీ ఆయనే. 1981లో ఇది:

"బందు దినములలో మరణము సంభవించిన ఇంటికి కావలసిన వస్తువులు ఇచ్చుటకు కొట్టుకు ఒక్క పలక తీయవచ్చును. ఏ ఇంటికి ఇచ్చినది మరునాడు సంఘమునకు తెలుపవలెను."

త్యాగరాజు గారు ఇది చదివి కుర్చీలోంచి లేచారు. దీనికి పూర్తి పేజీ ఇవ్వమన్నారు. ఇంతకీ పలక ఏమిటి? తాతయ్య ఎలా ఉండేవాడు? గట్టిగా వాదించేవాడా? మా ఇంట్లో ఆయన గురించి ఎవరూ చెప్పలేదు. నీకు గుర్తున్నదంతా రాయి.

నీ
రమ్య


చీరాల,
జులై 21.

రమ్యకు,

నీ ఉత్తరం చేరింది. అక్షరాలు కోడి కెలికినట్టున్నా చదవగలిగాను.

పలక తెలియదా నీకు. నీది షట్టరు కాలం. మా కొట్టుకు తలుపు ఉండేది కాదు, నిలువు చెక్కలు పదకొండు ఉండేవి. కిందా పైనా గాడిలో ఒకదాని పక్కన ఒకటి దూర్చి, చివరి పలకకు తాళం వేసేవాళ్ళం. ఒక్కోదాని మీద తారుతో అంకె. ఆరోది తెచ్చి ఏడోదాని చోట పెడితే పట్టదు. వానాకాలం చెక్క ఉబ్బితే ఆరోది ఆరోచోట కూడా పట్టేది కాదు. పొద్దున పలకలు తీసే చప్పుడుకు వీధి లేచేది. ఎవరి కొట్టు పలక ఎలా మోగుతుందో పక్కమీద నుంచే చెప్పేవాళ్ళం.

నీకు తెలియనివి ఇంకా ఉన్నాయి. నెత్తిమీద దారపు ఉండ వేలాడేది. పొట్లం కట్టి, దారం రెండు చుట్లు చుట్టి, వేలితో తెంపేవాళ్ళం. చూపుడువేలి మీద గాటు ఉండేది, అది చూసి ఇతను కొట్టువాడని చెప్పేవాళ్ళు. బెల్లం దిమ్మ మీద కందిరీగలుండేవి. కొన్నవాడిని కుట్టేవి గానీ అమ్మేవాణ్ణి కుట్టేవి కావు. మీ కోటేష్ మావయ్య ఆ చోటు ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపుకు అద్దెకిచ్చాడు. అందులో వాసన లేదు. ఏమి అమ్ముతున్నారో కళ్ళు మూసుకుంటే తెలియని కొట్టు కొట్టేమిటే.

సంఘం పుట్టింది మీ గుంటూరులోనే, మిరపకాయల గోడౌనులో. బస్తాలు ఆ పూటకే బయట వేయించారు గానీ ఘాటు ఎక్కడికి పోతుంది. మొదటి ఉపన్యాసం సగమైనా ఎవరికీ వినపడలేదు. మూడువందలమంది తుమ్ముతుంటే చెప్పేవాడు కూడా తుమ్మి, "సోదరులారా, ఐకమత్యమంటే ఇదే" అన్నాడు. అప్పుడు మాత్రం అందరూ విన్నారు. మధ్యాహ్నం విస్తళ్ళలో పులిహోర, గోంగూర, పెరుగు. తిరుగు పాసింజరులో సీటు దొరక్క తలుపు దగ్గరే కూర్చుని రావడం.

ఆయన సంగతి అడిగావు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కాటా ముల్లు నిలబడేదాకా చేతిలో గరిట కింద పెట్టేవారు కాదు. అది రాసుకో, చాలు. పూర్తి పేజీలు అక్కర్లేదు.

వేళకు తిను. ఈ ఉద్యోగమన్నా ఉంచుకో.

వెంకటరావమ్మ


గుంటూరు,
ఆగస్టు 10.

పెద్దమ్మమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుకున్నాను. నాలుగోసారి ఒక చోట ఆగాను. ఎక్కువ మాట్లాడని మనిషి నలభై రెండు తీర్మానాలు ఎలా ప్రతిపాదించాడు? గోడౌనులో తుమ్ములు, పులిహోర, పాసింజరు తలుపు, ఇవన్నీ నీకు ఎవరు చెప్పారు?

అమ్మను అడిగాను. కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండా చెప్పింది. "పెదనాన్న పోయింది డెబ్బై నాలుగులో కదే. అప్పటికి నాకు నడక కూడా సరిగా రాలేదు."

సంఘం పుట్టింది డెబ్బై అయిదులో.

మర్నాడు నతానియేలు గారి బల్ల ముందు కూర్చున్నాను. "చనిపోయిన మనిషి పదహారేళ్ళు సమావేశాలకు ఎలా వచ్చారండీ?" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు.

"వచ్చింది అమ్మగారమ్మా. మూడో వరసలో చివరి కుర్చీ. లేచి నిలబడ్డారంటే ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేం వినపడేది కాదు."

"మరి పిచ్చయ్య గారని రాశారేం?"

"సభ్యత్వం పిచ్చయ్య స్టోర్స్ పేరున. నాకు ముందున్న గుమాస్తా రిజిస్టరు చూసి అలాగే రాసేవాడు. నేను చేరిన కొత్తలో వెంకటరావమ్మ గారనే రాశాను. మీటింగయ్యాక నన్ను పక్కకు పిలిచి, అది కొట్టేయించి మళ్ళీ రాయించారు."

"ఎవరు?"

"అమ్మగారే."

ఏమిటి పెద్దమ్మమ్మా ఇది? ఇరవై తొమ్మిదేళ్ళకు పిల్లాణ్ణి చంకనేసుకుని పదకొండు పలకలు ఒక్కదానివే తీసి పెట్టావు. పాసింజరెక్కి మూడువందలమంది మగవాళ్ళ మధ్య లేచి మాట్లాడావు. ఆ మాటలన్నీ తీసుకెళ్ళి గోడమీద ఫొటోకు ఇచ్చావా? రేపు పుస్తకం చదివిన ఏ ఆడపిల్లకైనా, యాభై ఏళ్ళలో ఈ సంఘంలో ఒక్క ఆడమనిషీ నోరు విప్పలేదనే కదా తెలిసేది? నాకు నిద్ర పట్టడం లేదు. కోపం నీమీదో, నతానియేలు గారిమీదో, పాపం ఏమీ తెలియని తాతయ్యమీదో అర్థం కావడం లేదు.

త్యాగరాజు గారితో పోట్లాడాను. "రికార్డు రికార్డేనమ్మా. ఆమెగారు స్వయంగా కాగితం రాసి పంపితే అప్పుడు చూద్దాం," అన్నారు.

కాబట్టి రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టి పంపు. ఆ తీర్మానాలు నావి అని. సెప్టెంబరు ముప్పైన పుస్తకం ప్రెస్సుకు వెళ్తుంది.

రమ్య


చీరాల,
ఆగస్టు 24.

రమ్యకు,

కాగితం రాయను. ఎందుకో చెబుతాను. ఇది పుస్తకంలోకి కాదు, నీకు.

మా కాలంలో మొగుడి పేరు నోటితో పలికేవాళ్ళం కాదు. రేషను కార్డు ఆఫీసులో భర్త పేరు చెప్పమంటే పక్కనున్నావిడ వైపు చూసేవాళ్ళం. ఆవిడ మా ఆయన పేరు చెప్పేది, నేను వాళ్ళాయన పేరు చెప్పేదాన్ని. నీకు నవ్వొస్తుంది. నవ్వుకో.

ఆయన బతికున్నప్పుడు ఆ పేరు రోజుకు వందసార్లు వినపడేది. పిచ్చయ్యా, అరకిలో కందిపప్పు. పిచ్చయ్యా, అగ్గిపెట్టె. పోయాక ఒక్కసారిగా ఆగిపోయింది. నేను ఏడుస్తానని ఎవరూ ఎత్తేవాళ్ళు కారు. అత్తగారు "మావాడు" అనేది. కోటేష్‌కి నాన్నంటే ఫొటో. కొట్టుకు బోర్డు ఉంది, కానీ రోజూ చూసే బోర్డు ఎవరు చదువుతారు? ఏడాదికి ఆ పేరు లోకంలో లేదు. నేనా, పలకకూడదాయె.

సంఘం రెండో సమావేశానికి వెళ్ళాను. ముందుగా కిందటి సమావేశంలో ఏం జరిగిందో గుమాస్తా పైకి చదవాలి, అది పద్ధతి. అతను గొంతు సవరించుకుని, "చీరాల పిచ్చయ్య గారు ప్రతిపాదించగా అందరూ ఆమోదించిరి" అని చదివాడు. తప్పు చదివావయ్యా అని చెప్పడానికి లేవబోయాను. లేవలేకపోయాను. మూడువందలమంది ఉన్న చోట, గట్టి గొంతుతో, గారు తగిలించి, ఇప్పుడే ఆయన చేసిన పని చెప్పినట్టు.

ఆ తర్వాత మూడు నెలలకోసారి ఆ మాట వినడానికే పాసింజరెక్కేదాన్ని. ఒక్కోసారి చెప్పవలసింది ఏమీ లేకపోయినా ఏదో ఒకటి ప్రతిపాదించేదాన్ని, వచ్చేసారి చదువుతారు కదా అని. నీ నలభై రెండులో పది అలాంటివే ఉంటాయి. సంఘం ఆఫీసులో మంచినీళ్ళ కుండ పెట్టవలెనని ఒకటి ఉండాలి చూడు. అది అలా పుట్టిందే.

నా మాటలు ఆయన ఎత్తుకుపోయాడని నీకు అనిపిస్తోంది. నేనే ఇచ్చుకున్నానే. ఒక ఆడది తను సంపాదించింది తనకిష్టమైన వాళ్ళకు ఇచ్చుకుంటే మీకెందుకు కష్టం?

ఆయన పేరే ఉండనీ.

వెంకటరావమ్మ


గుంటూరు,
సెప్టెంబరు 6.

పెద్దమ్మమ్మా,

కోపం పోయింది. పోయిందని చెప్పడానికి సిగ్గుగా ఉంది. కుండ తీర్మానం ఉంది, 1977 జూన్. నీ ఉత్తరం బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఆఫీసులో ఎవరూ లేనప్పుడు ఆ పాత పుస్తకాలు తీసి, "చీరాల పిచ్చయ్య గారు ప్రతిపాదించగా" అని పైకి చదివాను. గోడౌను వైపు కిటికీ తెరిచి ఉంది, చివర తుమ్మాను. సంఘం సంప్రదాయం నిలబెట్టాను అనుకో.

నువ్వు అన్నట్టే తాతయ్య పేరు ఉంచేస్తున్నాను. పేజీ నమూనాలు వచ్చాయి. రెండు జిరాక్సులు దీంతో పంపుతున్నాను. ఒకటి 1981 నాటి ఒక్క పలక తీర్మానం. రెండోది దానికి సంబంధించినదేనని నేను చేర్చింది, ఫిబ్రవరి 1988:

"సిలార్ అను చిల్లర వర్తకుడు బందు దినమున పలక తీసి సరుకు ఇచ్చి, ఏ ఇంటికి ఇచ్చినది సంఘమునకు తెలుపనందున, చీరాల పిచ్చయ్య గారు ప్రతిపాదించగా, అతని సభ్యత్వము రద్దు చేయడమైనది."

త్యాగరాజు గారికి ఇది ఇష్టం లేదు. "పండగ పుస్తకంలో ఈ పంచాయతీ ఎందుకమ్మా, తీసెయ్," అన్నారు. నేను తీయనన్నాను. చరిత్రంటే మంచి తీర్మానాలు మాత్రమే కాదు కదా. యాభై ఏళ్ళలో సంఘం వెలి వేసింది ఈ ఒక్క మనిషినే. ఇతనెవరు? నీకేమైనా గుర్తుందా? నతానియేలు గారిని అడిగితే వినపడనట్టు బీరువా సర్దుకుంటున్నారు.

నీ
రమ్య


గుంటూరు,
సెప్టెంబరు 22.

పెద్దమ్మమ్మా,

ఉత్తరం అందలేదా? కోటేష్ మావయ్యకు ఫోన్ చేస్తే, "అందింది, అమ్మ అన్నం సరిగా తినడం లేదు, ఏం రాశావే?" అన్నాడు. నేను ఏం రాశాను? ప్రెస్సుకు ఇంకా ఎనిమిది రోజులే ఉంది. రెండు ముక్కలైనా రాయి.

రమ్య


చీరాల,
సెప్టెంబరు 25.

రమ్యకు,

ఆ రెండో కాగితం మీద ఆయన పేరు చూశాను. ఆయన చనిపోయిన పద్నాలుగేళ్ళకు ఆయన చేత ఒక మనిషి కడుపు కొట్టించాను. ఆ రోజు నాకు అది తోచలేదు. అచ్చులో చూస్తే తోచింది.

సిలార్‌ది పర్చూరు వైపు ఒక పల్లెలో చిన్న కొట్టు. ఏడు పలకలు. మనిషి నెమ్మది. సమావేశాలకు వస్తే నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేవాడు. నన్ను అక్కా అనేవాడు.

ఎనభై ఒకటిలో ఒక్క పలక మాట పెట్టించింది నేను. బందులో ఎవరింట్లోనో చావు జరిగితే కర్పూరం, తెల్లగుడ్డ దొరక్క ఇబ్బంది పడ్డారని విని పెట్టించాను. అందరూ సరేనన్నారు. అప్పుడు నాకు ఇంకో ఆలోచన వచ్చింది. చావు పేరు చెప్పి కొందరు దొంగచాటుగా అమ్ముకుంటారేమో అని. అందుకని ఏ ఇంటికి ఇచ్చిందీ మరునాడు చెప్పాలని చేర్పించాను. మీ అధ్యక్షుడు పేజీ ఇస్తానన్న తీర్మానంలో మొదటి వాక్యం జాలి, రెండో వాక్యం అనుమానం. రెండూ నావే.

ఎనభై ఎనిమిది బందులో మిట్టమధ్యాహ్నం సిలార్ పలక తీశాడని ఎవరో చెప్పారు. సమావేశంలో నిలబెట్టాం.

"చావింటికే ఇచ్చానక్కా," అన్నాడు.

"ఏ ఇల్లు?"

"చెప్పలేనక్కా."

"మీ ఊళ్ళో ఆ వారం ఎవరూ పోలేదు, కనుక్కున్నాం. మనిషి చావకుండా చావిల్లు ఎలా అయిందయ్యా?" అన్నాను.

హాలంతా నవ్వారు. నేను నవ్వించాను. అతను తల దించుకుని నిలబడ్డాడు. తీసేద్దామని నేనే ప్రతిపాదించాను. సంఘం కార్డు లేనివాడికి పెద్ద కొట్లవాళ్ళు సరుకు ఇవ్వకూడదని మాకు మేము పెట్టుకున్న కట్టుబాటు. ఏడాది తిరగకుండా అతని కొట్టు పోయింది. గుంటూరు వెళ్ళి మిర్చి యార్డులో బస్తాలు మోశాడు.

తొంభై ఒకటిలో ఒకామె మా కొట్టుకు వచ్చింది. ఏమీ కొనలేదు. జనం పోయేదాకా బల్లమీద కూర్చుని అప్పుడు చెప్పింది. తెల్లదోమ పత్తంతా పీల్చేసిన ఏడు ఆమె పెద్దకొడుకు పురుగుమందు తాగాడు. ఇంట్లో నాలుగు రోజుల్లో కూతురి పెళ్ళి. చావు బయటపడితే మైల, పెళ్ళి ఆగుతుంది. మందు తాగాడని తెలిస్తే ఆ సంబంధమే పోతుంది. తల్లీ తండ్రీ గుండె రాయి చేసుకుని శవాన్ని పొలానికి చేర్చారు. సిలార్ దగ్గర గుడ్డా కర్పూరం తెచ్చి, ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నారు. పత్తికట్టె పోగులో పెట్టి దహనం చేశారు. దూరం నుంచి చూసినవాళ్ళు కట్టె కాలుస్తున్నారనుకున్నారు. కొడుకు పత్తి అమ్మడానికి గుంటూరు వెళ్ళాడన్నారు. పెళ్ళయ్యాక, తిరిగి రాలేదన్నారు. పెళ్ళికూతురికి కూడా అదే చెప్పారు.

ఆ తల్లి యార్డులో సిలార్ బస్తా మోయడం చూసింది. చూసి ఆగలేక నా దగ్గరికి వచ్చింది.

మరుసటి సమావేశంలో లేచి చెప్పాల్సింది. చెబితే ఏ ఇల్లని అడుగుతారు. అది సాకు అనుకో, నిజమనుకో. నేను లేవలేదు. అసలు వెళ్ళడమే మానేశాను. అందుకే నీ పుస్తకాల్లో తొంభై ఒకటి తర్వాత ఆయన లేరు.

మంచివాటికి ఆయన పేరు ఉండనివ్వమన్నాను. అది ఇప్పటికీ అంటున్నాను. కానీ ఈ రెండు కాగితాల మీద మాత్రం నా పేరు వెయ్యి. ఆయన చేతులు శుభ్రమైనవి. దీంతోపాటు నువ్వడిగిన కాగితం వేరే రాసి సంతకం పెట్టాను, మీ అధ్యక్షుడికి చూపించు. చావింటి సంగతి అందులో లేదు, నీ దగ్గరే ఉంచు. ఆ ఇంటి పేరు నీకు కూడా రాయను.

వెంకటరావమ్మ


గుంటూరు,
అక్టోబరు 12.

పెద్దమ్మమ్మా,

పుస్తకం ప్రెస్సుకు వెళ్ళింది. ఆ రెండు పేజీలు ఆపాను. ఆగస్టులో నీ పేరు కోసం ఎగిరెగిరి పడ్డాను. ఇప్పుడు అది చేతిలో పెట్టావు. నేను అడిగింది ఇది కాదు.

కాగితం త్యాగరాజు గారికి ఇచ్చాను. రెండుసార్లు చదివి మడిచారు. "పేరు మారుస్తాం. కానీ సిలార్ మీది తీర్మానం పోవాలంటే ప్రతిపాదించినవాళ్ళే సర్వసభ్య సమావేశంలో నిలబడి వెనక్కి తీసుకోవాలి. నిబంధన అదమ్మా. పిచ్చయ్య గారు రాలేరు కదా." ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. సమావేశం నవంబరు రెండు, ఆదివారం.

ఇంకొకటి చేశాను. తిడితే తిట్టు. సిలార్ గారి భార్య ఎక్కడుంటారని నతానియేలు గారిని అడిగాను. ఈసారి బీరువా సర్దలేదు. ఏటా క్రిస్మస్‌కు కేకు ఇచ్చి వస్తారట. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకుండా.

ఆమె పేరు మస్తాన్‌బీ. నల్లపాడు స్టేషనుకు అవతల, కూతురింట్లో ఉంటారు. సిలార్ గారు 2003లో పోయారు. ముప్పై ఏళ్ళు మిరపకాయల తొడిమలు తీసిన చేతులు ఆమెవి. వేళ్ళ చివర్లు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. ఆధార్ మెషీన్ కూడా గుర్తుపట్టలేదని చూపించారు. నేనెవరో చెప్పాను. లేచి వెళ్ళిపొమ్మంటారనుకున్నాను. కుర్చీ తుడిచి వేశారు.

"పుస్తకంలో పిచ్చయ్య అని ఉందా? ఎట్టా రాసుకుంటే ఏమైందిలే. నవ్వించింది ఎవరో మా ఆయనకి తెలుసుగా," అన్నారు.

"ఆయనకు కోపం ఉండేదా అండీ?"

"కోపం ఎక్కడిదమ్మా. 'వెంకటరావమ్మక్క రూలు పెట్టింది, నేను రూలు తప్పాను' అనేవాడు. కోపం నాకు. ఆ ఇల్లు ఏదో చెప్పి పారేస్తే మా కొట్టు మాకుండేది కదా అని. పిల్లలు బడి మానేసినప్పుడూ అడిగా, జబ్బున పడ్డప్పుడూ అడిగా. చెప్పలా. మీ అమ్మమ్మకేమన్నా తెలుసా? ఎవరి కోసం మా బతుకు ఇట్టయిందో ఒక్కసారి తెలుసుకుని చావాలనుంది."

నాకు తెలియదన్నాను. ఏ ఇల్లో నిజంగానే తెలియదు కదా. మిగతాదంతా తెలిసి, ఆమె ముఖం చూస్తూ టీ తాగాను. ఇంత కష్టమైన టీ నేను తాగలేదు.

నువ్వు రావాలి. హాలుకూ, అక్కడికీ.

రమ్య


చీరాల,
నవంబరు 9.

రమ్యకు,

హాల్లో నువ్వు ఉన్నావు కాబట్టి జరిగింది రాయక్కర్లేదు. కానీ నిలబడినదాన్ని నేను. నాకు ఎలా ఉందో రాస్తాను.

మైకు ఇచ్చారు. ముప్పై నాలుగేళ్ళయింది అలా నిలబడి. నా పేరు చెప్పాను. ఎనభై ఎనిమిదిలో సిలార్‌ను తీసేయమన్నది నేను, అతను తప్పు చేయలేదు, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. మీ త్యాగరాజు గారు, "రికార్డులో ఉన్న పేరు కూడా చెప్పండమ్మా," అన్నారు. నిబంధన మనిషి. చెప్పాను. పిచ్చయ్య గారు కాదు, నేను అని. పెళ్ళయినప్పటి నుంచి నా నోటితో ఆ పేరు అదే మొదటిసారి. నాలుక మీద ఏదో పెట్టినట్టు, రుచి తెలియనట్టు ఉంది. నా వెనక వరసలో ఎవరో కుర్రాడు, "పిచ్చయ్య ఎవరు మామా?" అని అడిగాడు. "ఏమోరా," అన్నాడు పక్కవాడు. చేతులెత్తమంటే ఎత్తారు. ముందున్న ఇద్దరు ఫోన్లు చూసుకుంటూనే ఎత్తారు. అర నిమిషం. ఆ తీర్మానం పెట్టేటప్పుడూ అంతే పట్టింది.

మర్నాడు నల్లపాడు వస్తానంటే వద్దన్నాను, నీకు కోపం వచ్చింది. అది నేను ఒక్కదాన్నే వెళ్ళాల్సిన చోటు. ఏం తీసుకెళ్ళాలో తెలియలేదు. పండ్లు కొనబోయి మానేశాను. చుట్టపుచూపు కాదు కదా. ఉత్త చేతులతో ఆటో దిగాను.

మస్తాన్‌బీ గుమ్మంలో బియ్యం చేటలో పోసి ఏరుతోంది. నన్ను చూసి గుర్తుపట్టింది. చేట పక్కన పెట్టలేదు. నేనూ అరుగు మీద కూర్చున్నాను. కాసేపటికి నా చేయి కూడా చేటలోకి పోయింది. ఇద్దరం ఏరాం.

"నిన్న కొట్టేశారంటగా. నతానియేలు ఫోన్ చేశాడు," అంది.

"కొట్టేశారు."

"ఆయన ఉన్నప్పుడు చేయకపోతివే."

"చేయలేదు."

క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె సరేననాల్సి వస్తుంది, ఆ బరువు కూడా ఆమె మీద ఎందుకు. ఆమె అనలేదు.

ఒక రాయి ఏరి పారేసి, "ఆ ఇల్లు నీకు తెలుసా?" అంది.

"తెలుసు."

చేట ఆగింది. చెప్పాలనే వెళ్ళానే రమ్యా. గుంటూరు వస్తూ రైల్లోనే నిర్ణయించుకున్నాను. ఆ పెళ్ళికూతురు ఇప్పుడు మనవరాళ్ళను ఎత్తుకుంటోంది, అన్న ఎక్కడో ఉన్నాడని, ఎప్పటికైనా వస్తాడని ఇంకా అనుకుంటోందని తెలిసి కూడా. మస్తాన్‌బీకి నేనివ్వగలిగింది అదొక్కటే అనిపించింది.

"అది ఎవరిదంటే" అని నేను మొదలుపెట్టగానే చేయి అడ్డం పెట్టింది.

"వద్దులే. పదిహేనేళ్ళు పక్కన పడుకుని అడిగాను, చెప్పలా. ఇప్పుడు నీ దగ్గర వింటే ఇంక ఆయన ఏం దాచినట్టు?"

తర్వాత బియ్యం మొత్తం ఏరాం. అన్నం తిని పొమ్మనలేదు. లేచేటప్పుడు మోకాలు పట్టేస్తే చెయ్యిచ్చి లేపింది. ఆ వేళ్ళు నువ్వు రాసినట్టే ఉన్నాయి.

ఆ రెండు పేజీలు అచ్చు వేయించు. కింద చిన్న అక్షరాల్లో నా గురించి ఏదో రాస్తానన్నావు, రాసుకో. తక్కినవి నలభై ఆయన పేరునే ఉంచు.

ఆ తల్లి పోయి చాలా ఏళ్ళయింది, తండ్రి అంతకుముందే పోయాడు. సిలార్ పోయాడు. ఆ ఇల్లు ఏదో తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే. చరిత్ర రాసేదానివి, ఎప్పుడో ఒకరోజు నీకు అడగాలనిపిస్తుంది. అడగకు.

వెంకటరావమ్మ